బేత్లెహేములో ఫిరంగి

తబితకి ఈ లోకంలో అన్నిటికన్నా ఎక్కువ భయం ఒకటే, ఏడాదిన్నర కూతురు సుకీర్తి ఏదో ఒకటి మింగేస్తుందని. గోదావరి వరదన్నా ఆమెకి అంత భయం లేదు. వరద వస్తుందని రేడియోలో ముందే చెప్తారు. సుకీర్తి చెప్పదు.

పిల్ల అప్పటికే ఒక చొక్కా గుండీ, ఒక సుద్దముక్క, పాటల పుస్తకంలో అరపేజీ మింగి అరిగించుకుంది. అందుకని తబిత గచ్చు మీద ఆవగింజ కూడా ఉండనిచ్చేది కాదు. గంటకోసారి పిల్ల నోట్లో వేలు తిప్పి చూసేది. పిల్లకీ అలవాటైపోయి, అమ్మ ఎదురుపడితే చాలు, నమస్కారం పెట్టినట్టు నోరు తెరిచేది.

అలాంటి ఇంట్లో ఆమె మొగుడు జయపాల్ యుద్ధం మొదలెట్టాడు.

జయపాల్ మండపేటలో రైసుమిల్లు గుమస్తా. విశాఖపట్నంలో చదువుకుని అదే మిల్లులో చేరిన సుధాకర్ అతనికో ఆట నేర్పాడు. బల్ల మీద కొండలూ ఊళ్ళూ వంతెనలూ పెట్టి, రెండు వైపులా చిన్న చిన్న సైన్యాలు నిలబెట్టి, పాచికలేసి కొట్టుకోవడం. పాచికలు సుధాకర్ తెస్తానన్నాడు. దేశం మాత్రం జయపాల్ కట్టాలి.

కొన్న వస్తువు ఒక్కటీ ఉండకూడదని జయపాల్ పంతం. పక్కింటివాళ్ళ కొత్త టీవీ పెట్టెలోంచి వచ్చిన థర్మాకోల్ కొండలయింది. అగ్గిపెట్టెలు ఇళ్ళయ్యాయి. తబిత అంట్లు తోముకునే కొబ్బరిపీచు అడవయింది. ఇంకు అయిపోయిన పెన్ను గొట్టానికి రెండు గుండీలు అతికిస్తే ఫిరంగయింది. ఇక గడ్డి. రైసుమిల్లు మనిషికి చేతికందేది నూకలేగా. సంచెడు నూకలకి ఆకుపచ్చ రంగేసి, అట్ట మీద మైదా జిగురు పూసి చల్లేశాడు. మర్నాడే వాళ్ళమ్మ సంపూర్ణమ్మ పెంచే పెట్ట లోపలికొచ్చి తూర్పు సరిహద్దంతా మేసిపోయింది. ఆ ప్రాంతంలో కరువొచ్చిందని జయపాల్ ప్రకటించాడు.

ఇదంతా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క భోజనాల బల్ల మీద. మనుషులు కింద కూర్చుని తినేవారు. అది కూడా తబిత ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది సైన్యం.

సైనికులు చింతపిక్కలు. నలభై మంది ఎరుపు, నలభై మంది నీలం. ఒక్కొక్కడికీ సూదిమొనతో దిద్దిన కళ్ళు, మీసం. సుకీర్తి గొంతుకి కొలత తీసి చేయించినట్టుండేవారు.

ఏడో తరగతిలోనే తబితని బడి మాన్పించారు గానీ, లెక్కపెట్టడం అంతకు ముందే వచ్చేసింది. పొద్దున ఎనభై, సాయంత్రం ఎనభై. డిసెంబరు మొదట్లో ఓ శుక్రవారం సాయంత్రం డెబ్భై తొమ్మిదే తేలారు. నీలంవాడు ఒకడు లేడు.

మంచాలు తిరగేసింది. పెట్టని అనుమానించింది. పిల్లని తలకిందులు చేసి వీపు తట్టింది. పిల్లకి అది బాగా నచ్చి మళ్ళీ చెయ్యమని గోల పెట్టింది. తర్వాత రెండు రోజులు పిల్లకి అరటిపళ్ళు పెట్టి, ఫలితాన్ని పుల్లతో పరీక్షించింది. నీలం ఛాయ కూడా కనబడలేదు.

"ఎవడో పారిపోయుంటాడు లేవే," అన్నాడు జయపాల్ టీ తాగుతూ. "యుద్ధంలో మామూలే."

"మీరు కూడా పారిపోండి. నేనేం వెతకను," అంది తబిత.

ఆ కోపంలోనే ఆమెకి ఉపాయం తట్టింది. మీ అబ్బాయి క్రిస్మస్‌కి మన గుడికోసం బేత్లెహేము కడుతున్నారని, ఎవరికీ చెప్పొద్దన్నారని అత్తగారి చెవిలో వేసింది. సంపూర్ణమ్మకి చెప్పొద్దని చెప్పడం మైకులో చెప్పడంతో సమానం. సంఘపెద్దలొస్తారు, ఎత్తుకుపోతారు, గుడికన్నాక మొగుడు కాదనలేడు. బల్లా మిగులుతుంది, పిల్లా మిగులుతుంది.

ఆ మరుసటి ఆదివారం ఆరాధన అవగానే సంఘపెద్ద ఏసుపాదం గారు నలుగురు మనుషుల్నీ, ఒక రిక్షానీ వెంటబెట్టుకుని వచ్చేశారు. కళ్ళజోడు సవరించుకుని బల్ల చుట్టూ ఒకసారి తిరిగారు.

"ఈ ఎర్రవాళ్ళెవరబ్బాయ్?"

జయపాల్ నోరు తెరిచేలోపే తబిత అందుకుంది. "రాజుగారి భటులండి."

"నీలంవాళ్ళు?"

"గొల్లలండి."

"ఇంతమంది గొల్లలా?"

"గొర్రెలెక్కువండి."

ఆయన వేలు ఫిరంగి దగ్గర ఆగింది. తబిత ఊపిరి కూడా అక్కడే ఆగింది.

"ఒంటెండి," అంది. "ఇంకా కాళ్ళు పెట్టలేదు."

ఏసుపాదం గారికి కళ్ళు చెమర్చాయి. ఈ కాలపు కుర్రాళ్ళలో ఇంత భక్తి తాను చూడలేదని, జాగ్రత్తగా ఎత్తమని మనుషులకి పురమాయించారు. నలుగురూ అట్టని నాలుగు మూలలా పట్టుకున్నారు. అప్పటిదాకా పెళ్ళాం వంకే చూస్తున్న జయపాల్‌కి సంగతి అర్థమైంది. మెల్లిగా గొంతు సవరించుకున్నాడు.

"తప్పకుండా తీసుకెళ్ళండి. కాకపోతే ఆ గడ్డంతా నూకలండి. గుళ్ళో పిచ్చుకలు కదా."

నలుగురూ మళ్ళీ దించేశారు. మొన్న కోతల పండక్కి గుళ్ళో కట్టిన వరికుచ్చుని ప్రసంగం పూర్తయ్యేలోపే పిచ్చుకలు ఉత్త గడ్డి చేసి వదిలిన సంగతి అందరికీ గుర్తే.

ఏసుపాదం గారు కాసేపు ఆలోచించి తీర్పు చెప్పారు. బేత్లెహేము కదలదు, సంఘమే ఇక్కడికొచ్చి చూస్తుంది. ఎలాగూ వస్తారు కాబట్టి, ఆ పక్కనున్న మంచం మీద, ప్రభువు అయిదు రొట్టెలతో అయిదు వేలమందికి భోజనం పెట్టిన చోటు కూడా కట్టెయ్యమన్నారు. ఇంటికో దోసెడు చింతపిక్కలు పంపే పూచీ ఆయనదట.

"అయిదు వేలాండీ?" అంది తబిత.

"ఆడవాళ్ళూ పిల్లలూ కాకుండా," అన్నాడు జయపాల్ వినయంగా, చెమట తుడుచుకోడానికి జేబులోంచి రుమాలు లాగుతూ.

రుమాలుతోపాటు నీలంవాడు ఊడిపడ్డాడు. సుధాకర్‌కి మీసం చూపిద్దామని ఆ శుక్రవారం మిల్లుకి తీసుకెళ్ళి మర్చిపోయాడట. వాడు గచ్చు మీద దొర్లుకుంటూ వెళ్ళి సుకీర్తి కాళ్ళ దగ్గర ఆగాడు. సుకీర్తి తీసుకుంది. తబిత సంఘపెద్దని నెట్టుకుని దూకింది. అమ్మ ఎదురుపడింది కదా అని పిల్ల మామూలుగా నోరు తెరిచింది. ఖాళీ. నీలంవాడు గుప్పిట్లో ఉన్నాడు.

చింతపిక్కలు బుధవారానికల్లా వచ్చేశాయి, మూడు బస్తాలు. ఇప్పుడు తబిత పొద్దున మొదలెడితే ఒక్క లెక్కే మధ్యాహ్నం దాటుతోంది. మధ్యలో తలెత్తిందా, మళ్ళీ ఒకటి నుంచి. అందుకని, మీలో ఎవరైనా మిల్లు వీధిలో వెళ్తుంటే కాస్త లోపలికొచ్చి పిల్ల నోరు చూసి పోండి. అడగక్కర్లేదు, తనే తెరుస్తుంది.