ఇచ్చట గాడిదలు పెంచబడును

ఆ ఆదివారం పొద్దున్న వెండెల్ క్రోకర్ చేయవలసిన పని ఒక్కటే. చర్చి కింది హాల్లో బ్యానరు కట్టాలి. నిచ్చెన ఉంది, సుత్తి ఉంది, మేకులు జేబులోనే ఉన్నాయి. ఇంత చిన్న పనిని మొగుడికి అప్పజెప్పి కొరీన్ నిశ్చింతగా ఉన్నదంటే, ఇన్నేళ్ల కాపురం ఆమెకు ఏమీ నేర్పలేదన్నమాట.

ఆ హాల్లోనే కొరీన్ బడి నడుపుతుంది. పాతికమంది పిల్లలు, పాత బెంచీలు, లాటిను, తర్కం, బైబిలు. పిల్లలు సొంతంగా ఆలోచించడమూ దేవుణ్ణి నమ్మడమూ ఒకే బెంచీ మీద కూర్చుని నేర్చుకోవచ్చని ఆమె పట్టుదల. ఊళ్లో కొందరికి అది గొప్పగా తోచింది. కొందరికి, గోధుమలు పండించుకునేవాళ్లకు ఎందుకొచ్చిన తద్దినం అనిపించింది. ఈ రెండో జట్టుకు నాయకుడు సంఘ పెద్ద హార్లన్ ఉన్రూ. గొర్రెల మంద ఉన్న ఆసామి. "నా గొర్రెలు ఏ భాషలో అరుస్తాయో నాకు తెలుసు. లాటిన్ మాత్రం కాదు" అంటాడు. ఆయన చెయ్యి ఎటు లేస్తే సగం చర్చి చేతులు అటే లేస్తాయి.

ఆ మధ్యాహ్నమే ఓటు. ఆరాధన అయ్యాక అందరూ కింద భోంచేసి, పిల్లల పద్యాలు విని, హాలు బడికి ఉంచాలో వద్దో తేలుస్తారు. వద్దంటే బడి మూత. వేరే చోటు లేదు. అందుకే కొరీన్ బాగా ఆలోచించి, హార్లన్ మనసు కరిగేలా గొర్రెల మాటనే బడి నినాదంగా పెట్టింది. లాటిన్‌లో 'అగ్నోస్ అలిముస్'. గొర్రెపిల్లలను పెంచుతాం, అని.

అయితే అక్షరాలు ఏం రాయాలని బ్యానరు షాపు వాళ్లు ఫోను చేసిన వేళకు వెండెల్ ట్రాక్టరు మీద ఉన్నాడు. రెండో మాట గుర్తుంది, మొదటిది గుర్తు లేదు. పెళ్లానికి ఫోను చేసి అడగవచ్చు. కానీ ఆమె చెప్పే తల్లిదండ్రుల లాటిన్ తరగతిలో తాను నిద్రపోయిన సంగతి మళ్లీ బయటికొస్తుంది. పక్కన కూర్చున్న ఆరేళ్ల కొడుకు ఆమోసును అడిగాడు.

"ఒరేయ్, మీ అమ్మ నేర్పుతుందే, 'అ' అక్షరంతో మొదలయ్యే జంతువు... ఏంట్రా అది?"

"అసినోస్!" అన్నాడు వాడు, క్షణం ఆలోచించకుండా.

"అదే!" అన్నాడు వెండెల్, వాడికంటే తక్కువ ఆలోచించి.

ఇప్పుడు బ్యానరు గోడ ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఠీవిగా నిలిచింది. నీలం మీద బంగారు అక్షరాలు. వెండెల్ నిచ్చెన దిగి, నడుం మీద చేతులు వేసుకుని, తన పనికి తానే మురిసిపోయాడు. వెనక నుంచి కిసుక్కున నవ్వు వినబడింది. పదేళ్ల కూతురు తబిత. పద్యాలు వల్లె వేసుకోవడానికి తండ్రితోపాటే వచ్చింది.

"ఏమ్మా, వంకరగా ఉందా?"

"తిన్నగానే ఉంది నాన్నా. 'గాడిదలను పెంచుతాం' అని రాసుంది, అంతే."

వెండెల్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "అదేంటి! ఆమోసు గాడు చెప్పాడే!"

"నువ్వు వాణ్ణి ఏం అడిగావు?"

చెప్పాడు.

"అయితే వాడు సరిగ్గానే చెప్పాడు. నీ ప్రశ్నే తప్పు" అంది తబిత. ఆ బడిలో తర్కం ఎంత బాగా చెబుతారో తెలుసుకోవడానికి వెండెల్‌కు అది మంచి సమయం కాదు.

బ్యానరు విప్పితే గోడ బోసిపోతుంది, కొరీన్ అడుగుతుంది. ఉంచితే చదువుతుంది. అటూ ఇటూ చూశాడు. శనివారం జరిగిన అంత్యక్రియల తాలూకు పెద్ద పూల చక్రం మూలన ఉంది. తెల్ల లిల్లీలు ఇంకా వాడలేదు. దాన్ని ఎత్తి, సరిగ్గా 'అసినోస్' మీద పడేలా మేకుకు తగిలించాడు. ఇక 'అలిముస్' ఒక్కటే కనబడుతోంది. పెంచుతాం. ఏమిటన్నది దేవుడికే వదిలేశాడు.

"తల్లీ, ఇది మన ఇద్దరి మధ్యే ఉండాలి."

"నేను అబద్ధం చెప్పను నాన్నా."

"అబద్ధం ఎవరు చెప్పమన్నారు? నోరు మూసుకుంటే చాలు."

తబిత షరతు పెట్టింది. "దాని వల్ల ఎవరికీ నష్టం రానంతవరకూ మూసుకుంటాను. వస్తే మాత్రం తెరుస్తాను. సరేనా?"

"ఎవరికొస్తుందమ్మా నష్టం?" అన్నాడు వెండెల్.

అప్పుడే కాఫీ పెట్టడానికి హార్లన్ మెట్లు దిగి వచ్చాడు. ప్రతి ఆదివారం కాఫీ ఆయనదే, ఎవరినీ ముట్టుకోనివ్వడు. గోడ వంక చూసి ఆగిపోయాడు.

"ఏవయ్యా వెండెల్, బడికి అప్పుడే దండ కూడా వేసేశారా? ఓటయ్యే దాకా ఆగుతారనుకున్నానే!"

"అలంకారమండీ..." అని నసిగాడు వెండెల్. హార్లన్ తల పంకించి, తన కాఫీ బల్లను సరిగ్గా ఆ పూల చక్రం కిందికే జరుపుకున్నాడు.

పైన ఆరాధన జరుగుతుండగా రహస్యం చేతులు మారింది. తబిత ఏమీ చెప్పలేదు. కానీ నిచ్చెన వేసినంతసేపూ ఆమోసు బల్ల కింద ఆడుకుంటున్న సంగతి ఎవరూ చూడలేదు. వాడి కడుపులో మాట దాగదు. ఆఖరి పాట అయ్యేసరికి పాతికమందికీ తెలిసిపోయింది. చిన్న తరగతి వాళ్లు భోజనాల వరుసలో నిలబడి సన్నగా ఓండ్ర పెట్టడం మొదలుపెట్టారు. పాస్టరుగారి భార్య జలుబు అనుకుని తేనె తెచ్చి అందరికీ తలా ఒక చెంచా పట్టించింది. తేనె దొరుకుతుందని తెలిశాక ఓండ్రలు మరీ ఎక్కువయ్యాయి.

వంటగదిలో కొరీన్ రూబార్బ్ కాడలతో చేసిన తీపి 'పై' ముక్కలు కోస్తోంది. ఆమోసు పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, అమ్మా! మనల్ని గాడిదలన్నారు!"

"ఎవర్రా?"

నాన్న పేరు చెబితే నాన్న తిడతాడు. అబద్ధం చెబితే అమ్మ తిడుతుంది. వాడు నిజాయితీగా తలుపులోంచి బ్యానరు వైపు వేలు చూపించాడు. కొరీన్ ఆ వేలి వెంట చూసింది. పూల చక్రం కింద, కాఫీ పోస్తూ, హార్లన్ ఉన్రూ.

చేతిలో కత్తి ఉందన్న స్పృహ కూడా లేకుండా ఆమె హాల్లోకి వచ్చింది.

"హార్లన్ గారూ! బడి వద్దంటే వద్దనండి, ఓర్చుకుంటాను. పసిపిల్లల్ని పట్టుకుని గాడిదలంటారా?"

హార్లన్ కాఫీ కప్పు పొంగి పళ్లెంలోకి కారింది.

"నేనా? గాడిదలనా? అమ్మా, నేను జన్మలో గాడిదను తక్కువ చేసి మాట్లాడలేదు!"

"చూశారా, ఒప్పుకుంటున్నారు!" అంది వెనక నుంచి ఒకావిడ.

"నిన్న ధాన్యం గిడ్డంగి దగ్గర నేనూ విన్నాను" అన్నాడు ఆవిడ మొగుడు. "'ఈ గాడిదల్ని వదిలించుకుంటే గానీ నాకు హాయి లేదు' అంటున్నాడు."

"అవి నా గాడిదలయ్యా!"

"మా పిల్లలు మీ గాడిదలెలా అవుతారండీ?" అంది కొరీన్.

"అమ్మేస్తున్నానమ్మా వాటిని! రెండు ముసలి గాడిదల్ని!"

"అమ్మేస్తారా! పాస్టరుగారూ, వింటున్నారా?"

పాస్టరుగారు వింటున్నారు. చేతిలో ఖాళీ పళ్లెం ఉంది, ఎదురుగా కోడికూర వేడి వేడిగా ఉంది, ఈ గొడవ తేలే దాకా రెండూ కలిసే దారి లేదు. ఒక వరస బల్లలన్నీ హార్లన్ వైపు, ఇంకో వరస కొరీన్ వైపు చేరిపోయాయి. మధ్యలో పిల్లలు మాత్రం నోళ్లు నొక్కుకుని, కళ్లు ఇంతింత చేసుకుని చూస్తున్నారు.

హార్లన్ కప్పు బల్ల మీద పెట్టేశాడు. "నలభై ఏళ్లుగా ఈ హాల్లో కాఫీ పోస్తున్నాను. పసివాళ్లను తిట్టే మనిషినని ఇవాళ అనిపించుకున్నాను. చాలు. ఓటు ఇప్పుడే పెట్టండి. నా మాట ఏదో చెప్పి ఇంటికి పోతాను."

ఆ మాట ఏదో అందరికీ తెలుసు. కొరీన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. వెండెల్ కాళ్లు నేలకు అతుక్కుపోయాయి. నాలుగేళ్ల కష్టం, భార్య నిద్ర మానుకుని దిద్దిన పాఠాలు, అన్నీ తన ఒక్క ఫోను కాల్‌తో మట్టిలో కలిసిపోతున్నాయి. నోరు తెరిస్తే నవ్వులపాలు, తెరవకపోతే పాపం.

పక్కనే ఎవరో అతని చొక్కా లాగారు. తబిత.

"నాన్నా," అంది నెమ్మదిగా, "నష్టం వచ్చింది."

తండ్రి జవాబు కోసం ఆగలేదు. హాలు మధ్యకు నడిచింది. గొంతు పద్యం చెప్పేటప్పటిలాగే ఉంది.

"హార్లన్ తాతగారు మమ్మల్ని ఏమీ అనలేదు. నాకు తెలుసు. ఇందాకే చెప్పాల్సింది, చెప్పలేదు, నాదే తప్పు."

"మరి ఎవరన్నారు తల్లీ?" అన్నారు పాస్టరుగారు.

తబిత పెదవులు బిగించింది. ఆ మాట చెప్పవలసింది తాను కాదని ఆ పిల్లకు తెలుసు. కూతురు అలా ఒంటరిగా నిలబడి ఉండటం చూసేసరికి వెండెల్‌కు కాళ్లు వాటంతట అవే కదిలాయి. సిగ్గు పోయింది, గర్వం పుట్టుకొచ్చింది. నిచ్చెన ఎక్కాడు. అంతమందీ చూస్తుండగా పూల చక్రం తీసి చంకలో పెట్టుకున్నాడు.

"నేను. నేనే అన్నాను. అదిగో, నా తప్పు మీ కళ్లెదుటే ఉంది!"

అందరూ తలలెత్తి చూశారు. చాలాసేపు చూశారు.

"బాగుంది కదా!" అంది ఒకావిడ. "అక్షరాలు ఎంత ముద్దుగా ఉన్నాయో!"

"నీలం మీద బంగారం, చక్కగా కట్టావు వెండెల్" అన్నాడు ఇంకొకాయన. "ఇందులో తప్పేముందయ్యా?"

గోడ వంక చూసిన పెద్దవాళ్లలో ఒక్క కొరీన్ మాత్రమే కెవ్వుమంది. పిల్లలు ఇక ఆపుకోలేక ఒక్కసారిగా పకపకా నవ్వారు. తేనె తాగిన బృందం నిండు గొంతుతో ఓండ్ర పెట్టింది.

హార్లన్ చెయ్యెత్తి అందరినీ ఆపాడు. తబిత వైపు చూడకుండా, పిల్లల్లోకల్లా చిన్నదాన్ని, ముందు పళ్లు ఊడినదాన్ని పిలిచాడు. "ఇటు రామ్మా. అక్కడేం రాసుంది?"

"మేము గాదిదల్ని పెంతుతాం తాతగాలూ."

"ఏం రాసి ఉండాలి?"

"గొల్లెపిల్లల్ని! అగ్నోస్!"

ఇంకో పిల్లవాణ్ణి అడిగాడు. అదే జవాబు. గోడ పక్క నిలబడ్డ పిల్లను అడిగాడు. అదే జవాబు, పైగా ఏ విభక్తో కూడా చెప్పి, తాతగారికి విభక్తి అంటే ఏమిటో వివరించబోయింది. అక్కర్లేదన్నాడు.

"అయితే వినండి" అన్నాడు హార్లన్, సంఘం వైపు తిరిగి. "పొద్దున్నుంచీ నేను ఈ మాట కిందే నిలబడి కాఫీ పోశాను. మీరంతా ఇప్పుడు చూసి కూడా 'ఆహా' అన్నారు. పాలు తాగే పిల్లలకు తెలిసింది, సంఘ పెద్దలకు తెలియలేదు. చచ్చిన భాష దేనికని నాలుగేళ్లుగా అరుస్తున్నాను, ఇవాళ అదే నా పరువు కాపాడింది. అది కూడా పక్కన పెట్టండి. నేను బడి మూయించడానికి వచ్చానని తబితకు తెలుసు. నోరు మూసుకుంటే ఇంట్లో వాళ్లకు నవ్వులపాలు తప్పేది. అయినా నా కోసం నిలబడింది. ఇలాంటి పిల్లల్ని పెంచే బడిని ఈ హాల్లోంచి ఎవరు పంపిస్తారో నేనూ చూస్తాను!"

ఆయన ఆవేశంలో రెండు చేతులూ ఎత్తేశాడు.

"ఒక్క చెయ్యి చాలు హార్లన్" అన్నారు పాస్టరుగారు, కోడికూర దగ్గరికి జరుగుతూ.

హాలంతా చేతులు లేచాయి. ఒక్కటి కూడా కిందుండిపోలేదు. కొరీన్ హార్లన్ దగ్గరికెళ్లి, "క్షమించండి" అనబోయి, మాట రాక, ఆయన పళ్లెంలో పెద్ద 'పై' ముక్క పెట్టింది. తరవాత వెళ్లి తబితను గట్టిగా కావలించుకుని ఏడ్చేసింది. వెండెల్ నిచ్చెన మీదే ఉన్నాడు. దిగితే తన వంతు వస్తుందని అతనికి తెలుసు.

"అది విప్పెయ్ వెండెల్" అంది కొరీన్ చివరికి, కళ్లు తుడుచుకుని. "కొత్తది చేయిద్దాం."

"ఆగమ్మా" అన్నాడు హార్లన్, నోట్లో 'పై' ముక్క ఉండగానే. "నా మందలో నక్కల నుంచి గొర్రెపిల్లల్ని కాసేదెవరనుకున్నావు? కుక్కలా? గాడిదలు. వాటికి మేత సరిగ్గా పడితేనే పిల్లలు క్షేమం. పిల్లల కోసం గొర్రెలది కొత్తగా చేయించు, ఎదురు గోడకు కడదాం. ఇది ఇక్కడే పెద్దవాళ్ల కోసం ఉండనీ."

అందుకని ఇప్పుడు మంగళవారం సాయంత్రాలు తల్లిదండ్రుల లాటిన్ తరగతి ఆ బ్యానరు కిందే జరుగుతోంది. ముందు బెంచీలో ఒక పక్క హార్లన్ ఉన్రూ, ఇంకో పక్క వెండెల్ క్రోకర్ కూర్చుంటారు. పద్యాలు అప్పజెప్పించుకునే పని తబితది.

మేత బాగానే పడుతోందని వినికిడి.