బెల్లు టోపీ

గొడుగుల మేస్త్రీ ఆ పొద్దున లేచింది స్నానం చేయడానికి కాదు, స్నానాలగది గుమ్మాన్ని గెలవడానికి. ఆయన బాగా పొడుగు, గుమ్మం బాగా పొట్టి. భార్య ఉన్నన్నాళ్లూ ఆయన అటు అడుగేస్తే చాలు, వంటింట్లోంచి "తల, తల" అనేది. ఆవిడ పోయి ఏడాదయింది. ఇంట్లో ఇప్పుడు ఆ మాటే కాదు, ఏ మాటా వినపడదు. నుదుటి మీద బొప్పి మాత్రం మానడం లేదు.

అందుకని నెల రోజులు కూర్చుని ఒక టోపీ తయారుచేశాడు. పాత స్కూటర్ హెల్మెట్ మీద గొడుగు కమ్మిని నిలబెట్టి, దాని అడుగున సైకిల్ బెల్లు బిగించాడు. కమ్మి దేనికైనా తగిలితే బెల్లు మోగాలి, మనిషి వంగాలి. ఆ పొద్దున బెల్లు మోగింది, ఆయన వంగాడు, గుమ్మం ఓడిపోయింది. ఈ సంగతి వెంటనే ఎవరికైనా చెప్పాలనిపించింది. చుట్టూ చూస్తే బకెట్టు తప్ప ఎవరూ లేరు.

బజార్లో తన గొడుగుల కొట్టు పక్కనే తాళాలు బాగుచేసే ఆయనకు చూపిద్దామని బయల్దేరాడు. సంచిలో పెడితే కమ్మి వంగిపోతుందని టోపీ నెత్తినే పెట్టుకుని బస్సెక్కాడు. అక్కడే కొంప మునిగింది.

కండక్టరు గంట ఒకసారి కొడితే డ్రైవరు బస్సు ఆపాలి, రెండుసార్లు కొడితే కదిలించాలి. మేస్త్రీ వంగి నిలబడ్డంతసేపూ బాగానే ఉంది. నడుము నొప్పెట్టి కాస్త నిటారు కాగానే కమ్మి బస్సు కప్పుకు తగిలి బెల్లు మోగింది, బస్సు ఆగింది, ఎవరూ దిగలేదు. గతుకు దగ్గర మళ్లీ అదే. ఎవరు కొట్టారని డ్రైవరు కండక్టరును, కండక్టరు జనాన్ని నిలదీశారు. ఈ గొడవలో గాలి కోసం కిందికి దిగిన గుమాస్తా ఒకాయన తిరిగి ఎక్కేలోపే బెల్లు రెండుసార్లు మోగింది. ఆయన రోడ్డు మీద, ఆయన క్యారేజీ బస్సులో. జనం కేకలకు బస్సు ఆయన కోసం వెనక్కి నడిచింది, వెనకున్న బళ్లన్నీ హారన్లు అందుకున్నాయి.

తప్పెవరిదో మేస్త్రీకి రెండో మోతకే తెలిసిపోయింది. ఒప్పుకుందామనుకునేలోపు పక్కనున్న పెద్దావిడ, "మీరే చెప్పండి, ఇదేం పద్ధతి?" అంది. ఆయన్ని ఎవరైనా ఏదైనా అడిగి ఎన్నాళ్లయిందో. జవాబు చెప్పడానికి మర్యాదగా నిటారుగా నిలబడ్డాడు. బెల్లు మోగింది. బస్సంతా ఆయన నెత్తి వైపు తిరిగింది.

కండక్టరు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "ఏంటండీ ఇది?"

"గుమ్మం తగలకుండా చేసుకున్నానయ్యా. ఇదివరకు మా ఆవిడ చెప్పేది, 'తల, తల' అని. ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు."

తిట్టబోయిన జనం పక్కకు జరిగి దారిచ్చారు. గుమాస్తా కూడా క్యారేజీ పక్కకు జరిపాడు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకొమ్మని చెప్పి, కండక్టరు తన సీటు చూపించాడు. మేస్త్రీకి ఏడుపొచ్చింది. ఏడాదిగా ఇంట్లో రానిది, జనం మధ్య వచ్చింది.

తన స్టాపు రాగానే టోపీ చంకలో పెట్టుకుని లేచాడు. బస్సు తలుపు కూడా స్నానాలగది గుమ్మం బాపతే. ఆయన అటు అడుగేయగానే డ్రైవరు, కండక్టరు, పెద్దావిడ, గుమాస్తా అందరూ ఒక్కసారే అన్నారు.

"తల, తల."

తనను ఎవరో పిలిచారన్న సంతోషంలో మేస్త్రీ "ఆఁ?" అంటూ వెనక్కి తిరిగాడు. తల ఠంగుమని తలుపు చట్రానికి కొట్టుకుంది.

ఆవిడ ఉన్న రోజుల్లోనూ దెబ్బ సరిగ్గా ఇలాగే తగిలేది.