స్నోబోర్డుకు కొవ్వొత్తి మైనం

శనివారం పొద్దున తన్నూస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య నజ్లా వాళ్ళమ్మను పన్ను పీకించడానికి కొండ కింద పట్నానికి తీసుకెళ్తుంది. వాళ్ళు తిరిగొచ్చేలోగా అతను ఇంట్లోనే, మంచు మీద జారే తన స్నోబోర్డు అడుగున మైనం పూసుకుంటాడు. మధ్యాహ్నం కొండమీద జారుడు వ్యాపారం నడిపే రుకోజ్ గారి ఎదుట సర్రున జారి చూపిస్తాడు. ఆయనకు నచ్చితే మంచులో జారడం నేర్పే ఉద్యోగం, దాంతోపాటు, జారేవాళ్ళను పైకి మోసే లిఫ్టు పక్కన రెండు గదుల ఇల్లు. పెళ్ళయినప్పటి నుంచీ అత్తగారింట్లో గుసగుసల కాపురం చేస్తున్న జంటకు అంతకన్నా స్వర్గం ఉండదు. ఆ ఇంట్లో గట్టిగా నవ్వుకోవచ్చు. ఉన్నట్టుండి ముద్దు పెట్టుకోవచ్చు. రొట్టె మీద జాతర్ పొడి ఎంత కావాలంటే అంత చల్లుకోవచ్చు, ఎవరూ చెంచా వంక చూడరు.

పథకంలో లోపమేమీ లేదు, అమలు చేసేవాడు తన్నూస్ కావడం తప్ప.

స్నోబోర్డు మైనం దుకాణంలో సబ్బుబిళ్ళంత ముక్కగా దొరుకుతుంది. చలికాలమంతా వస్తుంది. తన్నూస్ దాన్ని చేతిలోకి తీసుకుని, వాసన చూసి, మళ్ళీ యథాస్థానంలో పెట్టేశాడు.

"ఏ మైనమైనా మైనమే కదరా. పేరు మారిస్తే ధర మారాలా?"

"పేరు కాదురా, జారడం మారుతుంది," అన్నాడు దుకాణంవాడు.

"నీ సరుకు నువ్వు పొగుడుకోక ఎవరు పొగుడుతారు," అని తన్నూస్ తిన్నగా చర్చికి నడిచాడు. కాలిపోగా మిగిలిన కొవ్వొత్తి ముక్కలు అక్కడ ఊరికే ఇస్తారు. బోర్డు ఆనించడానికి కుర్చీలు కూడా అక్కడే అడిగాడు. ఇంట్లో కుర్చీల మీద గీత పడితే అత్తగారు ఊరుకోదు.

"ఎన్ని కావాలి బాబూ?" అన్నాడు గంట కొట్టే ముసలాయన.

"రెండు చాలు తాతా. పొడుగ్గా పడుకోబెట్టడానికి."

చర్చి హాలు కుర్చీలు ఊళ్ళోకి కదిలేది పెళ్ళికి, లేదా చావుకు. పెళ్ళయితే ముసలాయనకు ముందే కబురు ఉంటుంది. ఆయన కళ్ళు ఒత్తుకుని, "ఇంకా కావాలంటే మొహమాటపడకు," అన్నాడు. ఇంత మంచి మనిషి ఇన్నాళ్ళూ ఎందుకు కనబడలేదా అనుకున్నాడు తన్నూస్.

ఇంటికొచ్చి, మరకలు పడినా బాధలేని పాత నల్ల ప్యాంటూ నల్ల చొక్కా తొడుక్కున్నాడు. అత్తగారి ఇస్త్రీపెట్టె తీసి మైనం కరిగించాడు. గది నిండా పొగ. కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారాయి. గడ్డకట్టే చలిలో కిటికీలన్నీ బార్లా తెరిచాడు. బోర్డు సగం అయ్యేసరికి ఇస్త్రీపెట్టె బరువు మోయలేక జనరేటరు కరెంటు టప్పున పోయింది. మిగతా సగం మీద కొవ్వొత్తులు వెలిగించి బొట్లు బొట్లుగా కార్చాడు. కిటికీలోంచి మంచు తుంపర లోపలికి కొడుతోందని, అత్తగారు పుట్టింటి నుంచి తెచ్చుకున్న తెల్లటి అల్లిక బల్లగుడ్డ తీసి బోర్డు మీద కప్పాడు. వెలుగుతున్న కొవ్వొత్తులు రెండిటిని తలవైపు నిలబెట్టాడు, ఆర్పితే మళ్ళీ అగ్గిపుల్ల దండగని.

అప్పుడు వచ్చింది పక్కింటి వర్దే, పొగేమిటో చూద్దామని. గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమెను త్వరగా పంపించేయాలని తన్నూస్ ఓ కప్పు కాఫీ పోశాడు. చక్కెర వెయ్యలేదు. పొరుగువాళ్ళ నోటికి చక్కెర ఎందుకన్నది అతని సిద్ధాంతం.

ఆ కొండమీది ఊళ్ళలో ఇంటికి వచ్చినవాళ్ళకు చక్కెర లేని కాఫీ ఇచ్చేది చావింట్లోనే. అక్కడే పుట్టి పెరిగిన తన్నూస్‌కు ఆ సంగతి తెలియక కాదు. పొదుపు చేస్తున్నప్పుడు అతని బుర్రలోకి ఇంకేదీ దూరదు. వర్దే ఒక గుక్క తాగింది. కప్పు కింద పెట్టి, అతని భుజం తట్టి, తిన్నగా చర్చివైపు నడిచింది. మిగిలిన కాఫీ తన్నూస్ తాగేశాడు.

కాసేపటికి చర్చి గంట మోగింది. ఒక్కో దెబ్బకీ మధ్య దూరం చూస్తే చావుగంటే. "పాపం ఎవరో," అనుకుని గుడ్డ అంచు సర్దాడు. అంతలో నల్లబట్టల్లో ఆడవాళ్ళు రావడం, గోడవారగా కూర్చోవడం మొదలైంది. మగవాళ్ళు వచ్చి అతని చేయి పట్టుకుని ఊపి వెళ్ళి వరండాలో నిలబడ్డారు.

"రాత్రికి రాత్రే ఎంత సన్నబడిపోయిందో చూశావా," అంది వర్దే, గుడ్డ వంక చూస్తూ.

"పన్నునొప్పే కదా అనుకున్నాం."

"పళ్ళతో ఆటలొద్దు వదినా. మా మేనత్త కూడా అంతే."

"ఫద్వా లాంటి మనిషి మళ్ళీ పుడుతుందా?"

ఫద్వా అతని అత్తగారు. తన్నూస్‌కు అప్పుడు వెలిగింది. గుడ్డ లాగి నిజం చెబుదామని చేయి చాచాడు. సరిగ్గా అప్పుడే, లిఫ్టు ఆపించి, జారుడు నేర్పేవాళ్ళందరినీ వెంటబెట్టుకుని రుకోజ్ గారు గుమ్మంలోకి వచ్చారు. వచ్చి తన్నూస్‌ను కౌగిలించుకున్నారు.

"ఇవాళ పరీక్షా లేదు, గిరీక్షా లేదు. ఇంత దుఃఖంలో ఉన్నవాణ్ణి జారి చూపించమని అడగడానికి నేను మనిషినా, మంచుగడ్డనా? ఉద్యోగం నీదే. ఇల్లూ నీదే. తాళాలు ఇవిగో."

చాచిన చేయి తన్నూస్ వెనక్కి తీసుకున్నాడు. నిజం చెబితే ఇల్లు పోతుంది. అబద్ధానికి పైసా ఖర్చు లేదు. ఊరికే వచ్చేదాన్ని వదులుకున్న చరిత్ర అతనికి లేదు.

"అయ్యా," అని రుకోజ్ గారి భుజం మీద వాలిపోయాడు. "ఆవిడ గొంతు వినకుండా నాకు ఎలా తెల్లవారుతుంది? ఉద్యోగం వస్తే ఆవిడను కూడా ఆ ఇంటికి తీసుకుపోదామనుకున్నాను. నేను నేల మీద పడుకుని, ఆవిడకు మంచం వేద్దామనుకున్నాను. ఒక్క రోజు, ఒక్క రోజు ఆవిడతో ఉండే భాగ్యం దొరికితే ఇంకేమీ అడగను."

ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. రుకోజ్ గారు కూడా ముక్కు చీదుకున్నారు.

వెనక వరుసలో తలకు శాలువా చుట్టుకుని కూర్చున్న ఒకావిడ అందరికన్నా ఎక్కువగా ఏడుస్తోంది. ఆమె ఫద్వా. పీకిన పంటి చోట దూది కుక్కి డాక్టరు నోరు మెదపవద్దన్నాడు గనక, బతుకులో మొదటిసారి ఇతరులు మాట్లాడేది పూర్తిగా వింది. తన ఇంట్లో ఎవరు పోయారో అర్థం కాలేదు. అయినా ఎవరో చేతిరుమాలు అందించారు, కూర్చుని ఏడ్చింది. ఏడుస్తూ, ఏడుస్తూ, అల్లుడి మాటలన్నీ ఒక్కటి కూడా జారిపోకుండా పట్టుకుంది.

వీధంతా జనం బళ్ళే ఉండడంతో, తల్లిని ముందే దింపి, కారు ఎక్కడో ఆపి, ఆఖరున నజ్లా వచ్చింది. "అమ్మా, ఎవరే పోయింది మనింట్లో?"

తలలన్నీ వెనక్కి తిరిగాయి. వర్దే శిలువ గుర్తు వేసుకుంది. ఫద్వా లేచి ముందుకు వచ్చి, తన పుట్టింటి బల్లగుడ్డను గుర్తుపట్టి, పట్టుకుని లాగింది. గుడ్డ రాలేదు. గుడ్డతోపాటు మైనంతో అతుక్కుపోయిన స్నోబోర్డు మొత్తం లేచి వచ్చింది.

రుకోజ్ గారు గోటితో బోర్డు గీకి వాసన చూశారు. "కొవ్వొత్తులా? దీని మీద నువ్వు నిచ్చెన కూడా దిగలేవు." తన్నూస్ చేతిలోని తాళాల వంక చూశారు. "ఇచ్చిన మాట తప్పే వంశం కాదు మాది. కానీ నీ జారుడు చూసి ఇవ్వలేదు, అత్తగారి మీద నీ ప్రేమ చూసి ఇచ్చాను. ఆవిడ ఆ ఇంట్లో ఉన్నంతవరకే ఇల్లు నీది."

"అయ్యా, ఆవిడకు ఈ ఊరు వదలడం..." అన్నాడు తన్నూస్.

ఫద్వా నోట్లోంచి దూది తీసింది. "మంచం ఎప్పుడు వేస్తావు, నాయనా?"

నజ్లా మొగుడి వంక చూసింది. ఆ చూపుకు తెలుగులో మాట లేదు, అరబ్బీలో ఉన్నది రాయకూడదు.

తన్నూస్ ఇప్పుడు బోర్డుకు మైనం పూయించుకోవడానికి, డబ్బిచ్చి మరీ, దుకాణానికే వెళ్తున్నాడు. అత్తగారి మంచం పోగా కొత్త ఇంట్లో చోటు లేదు.