పటమటలో చేపలు తినేవాళ్లు లేరు

ఇకమీదట ఏ వ్యాపారమూ తన హద్దు తెలియకుండా సాగడానికి వీల్లేదని మార్కెట్ పరిధుల శాఖ మంత్రి లక్ష్మీకాంత్ గారు పటమట సభలో ప్రకటించారు. ఎవరు ఎక్కడ అమ్ముకోవాలో ప్రభుత్వమే తేల్చి చెబుతుందట. చప్పట్లు మోగిపోయాయి. షామియానా, కుర్చీలు నావే కాబట్టి నేనూ కొట్టాను.

సర్వే బాధ్యత చక్రి గారనే ఆఫీసరుకు అప్పగించారు. ఆయన శ్రమ చూస్తే ఎవరికైనా కళ్లు చెమర్చాల్సిందే. కార్తీక మాసం రాగానే ఎండనక వాననక ఇల్లిల్లూ తిరిగి, "మీరు చేపలు కొంటారా అండీ?" అని అడిగారు. తలస్నానం చేసి దీపం పెట్టుకుంటున్న ఆడవాళ్లు, "రామ రామ! అదేం మాటండీ, కార్తీకంలో!" అని తలుపులేసుకున్నారు. తలుపు పడ్డ ప్రతి ఇంటికీ ఆయన ట్యాబ్‌లో 'డిమాండ్ నిల్' అని కొట్టుకున్నారు.

నెల ముగియకముందే ఫలితాల సభ పెట్టారు. మళ్లీ నా షామియానాయే. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ పటమట వీధుల్లో చేపలమ్ముతున్న గంగారత్నాన్ని వేదిక మీదికి పిలిచి మైకు ముందు నిలబెట్టారు.

"చూడమ్మా, పటమటలో చేపలు తినేవాళ్లు లేరని సైంటిఫిక్‌గా తేలింది. నీ మార్కెట్ ఏరియా ఇక ఉయ్యూరు," అన్నారు చక్రి గారు.

"ఉయ్యూరా! అక్కడ నన్నెవరెరుగుదురండీ? నా పిల్లల చదువులు నడిచేది ఈ వీధుల్లో బేరాల మీదే కదండీ. పోలి పాడ్యమితో కార్తీకం వెళ్లిపోనివ్వండి, గంప కింద పెట్టకముందే ఎగబడి కొనేస్తారు!"

"సెంటిమెంట్ వేరమ్మా, డేటా వేరు."

మంత్రిగారు మెడలో రుద్రాక్షలు సర్దుకుంటూ లేచారు. ఆయన ఒంటిపూట భోజనం చేస్తూ కార్తీక నిష్ఠ పాటిస్తున్నారని పొద్దున్నే పేపర్లో చదివి మేమంతా పొంగిపోయి ఉన్నాం.

"తల్లీ, నీచు ముట్టని ఈ పటమటను చూసి నువ్వూ గర్వపడాలి," అన్నారు.

గంగారత్నానికి ఏడుపొచ్చేసింది.

"ఎవరూ కొనరని మీరు కూడా అంటే ఎలాగండీ బాబూ! ఈ నెల్లో నా పొయ్యి వెలిగిందే మీ ఇంటి వెనక గేటు వల్ల కదండీ. ఇవాళ కూడా రెండు కొరమేనులు తీసుకున్నారు..."

మైకు బాగా పనిచేసింది. అదీ నాదే.

చక్రి గారు ఉత్సాహంగా ట్యాబ్ తెరిచారు. "సార్, సర్వేలో మిస్సయిన ఇల్లు! డోర్ నంబర్ చెప్తే యాడ్ చేసేస్తాను."

"సర్వే రద్దు," అన్నారు మంత్రిగారు. "పటమట మొత్తం ఈ అమ్మదే!"

పేదవాళ్లకు ఇంత త్వరగా న్యాయం చేసిన నాయకుణ్ణి నేనింతవరకూ చూడలేదు. అందరికంటే ముందు నేనే చప్పట్లు కొట్టాను. గంగారత్నం కళ్లు తుడుచుకుని రెండు చేతులూ జోడించింది.

"చల్లగా ఉండండి బాబూ. అయితే రేపట్నుంచి ముందు గేటుకే తెచ్చెయ్యమంటారా అండీ?"