బ్రేకర్ శిరశ్ఛేద నివారణం

అఖండ విద్యుత్ప్రవాహ విరాజితమగు ఒకానొక మూడవ అంతస్తునందు, సూర్యభగవానుడు ఎదురింటి నీళ్ల ట్యాంకు మీదికి ఎగబాకి పదిగంటల ప్రతాపమును ప్రకటించుచున్న వేళ, టప్పుమను ఒక్క శబ్దముతో ఏసీ మూగవోయెను, కంప్యూటరు నల్లబడెను, ఆన్‌లైనులో నలుబదిమంది విద్యార్థులకు త్రికోణమితి బోధించుచున్న ఇల్లాలి కంఠధ్వని సగము సూత్రము వద్ద తెగిపోయెను. ఆ వారమున అది నాల్గవ పతనము.

"మళ్ళీ పడిపోయింది! ఇంకోసారి ఇలా అయితే క్లాసు వేరేవాళ్ళకి ఇచ్చేస్తామన్నారు. ఈ దిక్కుమాలిన బ్రేకర్ ఇవాళ మార్చాల్సిందే!" అని గర్జించి, ఆమె తత్క్షణమే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించెను.

"మార్చేద్దాం, పాతదైపోయింది" అని గంభీరముగా వంతపాడెను ఆమె భర్త, మన కథానాయకుడు. పాడెనే గాని, ఓరకంట బీరువావైపు చూచుచుండెను. ఏలననగా, రోజుకు రెండే కాఫీలని ఇల్లాలు శాసించిన నాటినుండి, పుస్తకాల బీరువా వెనుక ఒక కరెంటు కెటిల్‌ను దివ్యాస్త్రమువలె దాచి, ఆమె పాఠమున మునిగిన సుముహూర్తమున నిశ్శబ్దముగా మూడవ కాఫీకి నీళ్లు కాచుకొను ధీరుడాయన.

స్క్రూడ్రైవర్‌పాణియై విచ్చేసిన ఎలక్ట్రీషియన్ బ్రేకర్‌ను పరీక్షించి, "ఇది పడేటప్పుడు ఏమేం ఆన్‌లో ఉంటాయి?" అని అడిగెను.

"ఏసీ, కంప్యూటరు" అనెను ఇల్లాలు.

"నేను ఇస్త్రీ చేసుకుంటాను నాయనా, అంతే" అనెను ఆమె తల్లి.

"ఇంతేనా? ఈమాత్రానికి పడకూడదే!"

కథానాయకుడు పైకప్పు సున్నమును అపారశ్రద్ధతో పరిశీలించుచుండెను.

"అయితే పడనిది, పెద్దది వేసెయ్యండి" అనెను ఇల్లాలు.

"పెద్దది వేస్తే పడదమ్మా. వైరు వేడెక్కి గోడలోనే కాలుతుంది. పెద్దమ్మగారి మంచం ఈ గోడకే కదా? పడిపోతోందంటే అది మంచిదే. పడకపోతేనే భయం."

అకటా! పడుటయే పరాక్రమముగా గల వీరుని, ఇంటిల్లిపాదినీ కాచుటకు నాలుగుమార్లు నేలకొరిగిన నిరపరాధిని, ఒక కప్పు కాఫీకై బలియిచ్చుటయా? కథానాయకునికి తనపై తనకే అసహ్యము పుట్టెను.

"ఆగండి! ఆ స్క్రూ తిప్పొద్దు! తప్పు నాది!" అని ఎలుగెత్తి, బీరువా వెనుకనుండి కెటిల్‌ను బయటికి తీసెను.

"అదా అల్లుడుగారూ! బుసబుసమంటే పామనుకుని వారం నుంచీ అటు పోవడమే మానేశాను!" అనెను అత్తగారు.

ఇల్లాలు మాత్రము కెటిల్ మూత తెరచి చూచెను. పిమ్మట సన్నని గొంతుతో, "పాఠం చెప్పీ చెప్పీ నా గొంతు ఆరిపోతుంటే, గోడవతల కాచుకుని తాగారే! నాకో గుక్క ఇవ్వాలనిపించలేదా?" అనెను.

ఆ బాణము తగిలి ఆయన తల వంచుకొని, "తప్పే. రేపట్నించి క్లాసయ్యాక నేనే పెడతాను. సగం నీకు, సగం నాకు" అనెను. ఆమె ఒకింత ఆలోచించి, కెటిల్‌ను స్వహస్తములతో వంటింటికి తరలించెను.

వినుడు జనులారా! బ్రేకరు బ్రతికెను, గోడ నిలిచెను, త్రికోణమితి తిరిగి మొదలాయెను. రేపటినుండి ఆ మహావీరుడు, దినమునకు బహిరంగముగా రెండున్నర కాఫీలకు ఏకచ్ఛత్రాధిపతి!