పొగగొట్టానికి రిపేరు వద్దు!

మీ బచ్చలింట్లో, అదే స్నానాల గదిలో, నీళ్ళు కాచే బాయిలర్ ఉందా? దాని పొగగొట్టానికి చిల్లు పడిందా? పొగ బయటికి పోకుండా ఇల్లంతా కలయదిరుగుతోందా? అయితే మీ అంత అదృష్టవంతులు లేరు! వెంటనే నలుగురికీ బెల్లం పంచండి. పొరపాటున కూడా రిపేరువాణ్ణి పిలవకండి!

నవ్వకండి. ఇది నవ్వులాట వ్యవహారం కాదు. గవర్నమెంటువారు పొగలేని పొయ్యిలంటూ ఊరూరా జీపులేసుకుని తిరిగి ప్రచారం చేస్తున్న ఈ రోజుల్లో ఎవరో ఒకరు పొగ పక్షాన నిలబడాలి. పొగ లేని పొయ్యి కూడా ఒక పొయ్యేనా? ఆలస్యం కాని బస్సునూ, అడ్డం రాని గుమాస్తానూ మనం ఏనాడైనా నమ్మామా?

పొగ వల్ల లాభాలు చూడండి. దోమలుండవు. అలారం గడియారం అక్కర్లేదు, తెల్లారగానే ముక్కే లేపి కూర్చోబెడుతుంది. గోడలకు సున్నం కొట్టే పని లేదు, కొట్టినా కనబడదు కనుక! వారం రోజులు ఉందామని పెట్టె సర్దుకొచ్చిన బంధువు మధ్యాహ్నం బస్సుకే కండ్లు తుడుచుకుంటూ వెళ్ళిపోతాడు. మన మీద ప్రేమతో ఏడుస్తున్నాడని వీధిలోవాళ్ళు అనుకుంటారు. ఇంతకన్నా గౌరవం ఏం కావాలి? ఇక మొగుడూ పెళ్ళాలకు ఒకరి మొహం ఒకరికి కనబడదు కాబట్టి సగం గొడవలు పుట్టనే పుట్టవు.

ఇంత చెప్పినా నమ్మకం కుదరనివారు ధర్మవరం పోయి ముత్యాలప్పను అడగండి.

ముత్యాలప్ప పట్టుచీరలు నేసే మనిషి. నట్టింట్లో మగ్గం, మగ్గానికి ఒకవైపు బచ్చలి, బచ్చలిని ఆనుకుని వంటిల్లు, పైన మట్టి మిద్దె. చేతిలో పనితనం ఉన్నవాడు. మాటలో అంతకు రెండింతలు ఉన్నవాడు.

బాయిలర్ ఆ ఇంటికి వచ్చిన తీరే ఒక కథ. పట్టు కోసం హిందూపురం పోయినప్పుడు, ట్రాన్స్‌ఫర్ మీద వెళ్ళిపోతున్న ఒక ఇంజినీరుగారు సామాన్లు అమ్ముకుంటుంటే ముత్యాలప్ప కంట్లో అది పడింది. రాగి బాయిలర్! కింద నిప్పు, నడుమ గొట్టం, చుట్టూ నీళ్ళు, పక్కన ఇత్తడి కొళాయి. తిప్పితే చాలు, పొగలు కక్కే నీళ్ళు! మట్టికాగులోంచి చెంబుతో ముంచుకునేవాడికి ఇది విమానం కంటే తక్కువా? బేరమాడి కొని, బస్సు టాపు మీద కట్టించాడు.

బస్సు పెనుకొండలో ఆగింది. టీ తాగుతున్నవాళ్ళు తలెత్తి ఆ రాగి మెరుపును చూసి, ఏదో గుడికి పోయే కలశమనుకుని చెంపలేసుకున్నారు. ముత్యాలప్ప ఊరుకోగలడా? పైకెక్కి, పొగగొట్టాన్ని ఊడదీసి కిందికి తెచ్చి, పొగ ఎట్లా పుడుతుందో, ఎట్లా పోతుందో అందరికీ పాఠం చెప్పాడు. ఆ ఉత్సాహంలో కండక్టరు విజిల్ వేయగానే ఎక్కేశాడు. బాయిలర్ ధర్మవరం చేరింది, గొట్టం పెనుకొండ టీ అంగడి ముందరే ఉండిపోయింది.

పోయిన గొట్టానికి బదులు రేకుపనిచేసే బుడన్‌సాబ్ కిరసనాయిలు డబ్బాలు కత్తిరించి ఒకటి చుట్టి ఇచ్చాడు. కొన్నాళ్ళకు అది తుప్పుపట్టి జల్లెడైంది. ఆపైన బాయిలర్ లోపలి గొట్టానికి కూడా చిల్లు పడి, నీళ్ళు చుక్కచుక్కగా నిప్పు మీద కారసాగాయి. పొయ్యిలో వేసేదా, బుడ్డల పొట్టు. తడిసిన వేరుశెనగ పొట్టు ఎట్లాంటి పొగ పెడుతుందో ఈ జిల్లావాళ్ళకు చెప్పనక్కర్లేదు.

ముత్యాలప్ప భార్య కుళ్ళాయమ్మ. తెల్లవారితే బాయిలర్ ముందు గొంతుక్కూర్చుని ఊదేది ఆమే. ఊదుతుంది, దగ్గుతుంది, కొంగుతో కండ్లు తుడుచుకుంటుంది, మళ్ళీ ఊదుతుంది. ఇంటిల్లిపాదీ వేడివేడిగా పోసుకున్నాక, పొట్టూ నీళ్ళూ రెండూ అయిపోయాక, ఆమెకు తొట్టిలోని చల్లనీళ్ళు మిగులుతాయి.

“ఆ గొట్టం రవ్వంత బాగుచేపించబ్బా. గుండెల్లో పొగ నిలబడిపోతాండాది,” అనింది ఒకనాడు.

“దగ్గుతోనే కదమ్మే కఫం తెగేది! ఇంగ్లీషు డాక్టర్లు సూదులేసి దగ్గిస్తారు. నీకు ఇంట్లోనే ఊరికే వస్తాండాది, ఇంకేం కావల్ల?” అన్నాడు ముత్యాలప్ప.

చూశారా, ఎంత వైద్యపరిజ్ఞానం! వానాకాలంలో అడిగితే, తడిలో ఇల్లు కదిలిస్తారా అన్నాడు. ఎండాకాలంలో అడిగితే, ఈ ఎండలకు వేడినీళ్ళతో ఏం పని అన్నాడు. పెళ్ళిళ్ళ సీజన్లో మగ్గం దిగడానికి తీరలేదు. సీజన్ అయిపోయాక మూఢం వచ్చింది, మూఢంలో శుభకార్యం చేయకూడదన్నాడు. పొగగొట్టం బిగించడం ఎప్పటినుంచి శుభకార్యమైందో పంచాంగాలు రాసేవారే చెప్పాలి. కుళ్ళాయమ్మ అడగడం మానేసింది. ఏ పని చేసినా దాన్ని మొహానికి దగ్గరగా తెచ్చుకుని చూడడం మొదలుపెట్టింది. ముత్యాలప్ప అది గమనించి, ఈమధ్య పని మీద శ్రద్ధ పెరిగిందని సంతోషించాడు.

అంతలో ఆ ఇంటి బాయిలర్‌ను చూసి వీధి వీధంతా బాయిలర్లు తెచ్చుకుంది. ముత్యాలప్ప ప్రతి ఇంటికీ పోయి, దాన్ని ఎట్లా వాడాలో, పొగ వల్ల ఎన్ని లాభాలో వివరించి వచ్చాడు.

ఇట్లా అందరూ సుఖంగా ఉండగా, హిందూపురం నుంచి షావుకారు చంద్రప్ప దిగాడు. ముత్యాలప్ప నేసిన చీరలన్నీ తన అంగడికి తీసుకునేది ఆయనే. వచ్చీరాగానే చంకలోని పొట్లం విప్పి, పాలనురుగు రంగు పట్టుచీరను ముత్యాలప్ప ముక్కు దగ్గర పెట్టాడు.

“వాసన చూడప్పా! పెండ్లికూతురు మడత ఇప్పితే కూర మాడిన వాసన వచ్చెనంట. ఈ జరీ చూడు, ఎట్ల నల్లబడిందో. ఇంకోతూరి ఇట్లయితే నా చీరలు ఇంకోరితో నేపిచ్చుకుంటా, తెలిసిందా?”

చీరకు పొగ తగిలింది! పాపం, నోరులేని చీర! దగ్గడం తెలియదు, కండ్లు తుడుచుకోవడం తెలియదు, లోపల లోపల ఎంత కుమిలిపోయిందో! ముత్యాలప్ప చెప్పులు కూడా తొడుక్కోకుండా బుడన్‌సాబ్ అంగడికి పరుగెత్తాడు. అప్పుడు మూఢమే నడుస్తోంది. వాన కూడా పడుతోంది. రెండూ అడ్డం రాలేదు.

బుడన్‌సాబ్ వచ్చి అంతా తిరిగి చూశాడు.

“మిద్దెకు బొక్క కొట్టి గొట్టం నిటారుగా పైకి ఇడవల్లప్పా. పొగంతా పైకే పోతాది.”

“మిద్దెకా! బొక్క పడితే వాన కారదా? కారేది యాడికి? నేరుగా మగ్గం మీదికి! ఆ మాట ఎత్తద్దు.”

“అయితే పక్క గోడకు కొడదాం.”

“గోడవతల గంగాధర మగ్గముండాది. వాని చీరకు పొగ పట్టిస్తే ఊరుకుంటాడా?”

“మరి యాడికి ఇడిసేది పొగను? జేబులో పెట్టుకుంటావా?”

ముత్యాలప్ప వంటింటివైపు వేలు చూపించాడు. “ఆడ ఎట్లనూ పొయ్యి ఉండాది. పొగలో పొగ.”

బుడన్‌సాబ్ చేతిలో సుత్తి ఆగింది. “పొగ ఆడికి పోతే ఆయమ్మ యాడికి పోవల్లప్పా?”

“ఆయమ్మకేమి, అలవాటే.”

సాయంత్రంలోగా లోపలి చిల్లుకు మాటు పడింది, కొత్త గొట్టం మెడ తిప్పుకుని వంటింట్లోకి చూసింది. నట్టిల్లు అద్దంలా తేటగా మారిపోయింది. ముత్యాలప్ప మగ్గం ముందు నిలబడి గుండెలనిండా గాలి పీల్చుకున్నాడు. పట్టు దారాలు కూడా ఊపిరి పీల్చుకున్నట్టు అనిపించింది. ఆ పక్కన వంటింట్లో ఎవరో దగ్గుతున్నారు, అది వేరే సంగతి. ఈ ఏర్పాటు చూసి గంగాధరతో మొదలుపెట్టి వీధిలోవాళ్ళందరూ తమ గొట్టాలను వంటిళ్ళలోకి తిప్పుకున్నారు. మన దేశంలో ప్రగతి అంటే ఇదే కదా? పొగ తగ్గనక్కర్లేదు, చోటు మారితే చాలు!

తర్వాతి చీర చూసి చంద్రప్ప మురిసిపోయాడు. తన ఇంట్లోనే పెళ్ళి ఉంది, పెళ్ళిచీర నువ్వే నేయాలన్నాడు. అది కుదిరిందంటే అంగడికి వచ్చే పెళ్ళిచీరలన్నీ ముత్యాలప్ప మగ్గానికే! చీర ఒడలంతా ఎరుపు, అంచు ఆకుపచ్చ. పట్టు వచ్చింది, నిలువు దారాల పడుగు సిద్ధమైంది.

కొత్త పడుగు మగ్గానికి ఎక్కాలంటే, మగ్గం మీద మిగిలిన పాత దారాల కొసలకు కొత్త దారాలను ఒక్కొక్కటే పట్టి, వేళ్ళతో మెలిపెట్టి అతకాలి. వేలకొద్దీ దారాలు, ఒక్కోటి వెంట్రుకకంటే సన్నం. ఆ వీధిలో మగవాళ్ళు నేస్తారు, ఆడవాళ్ళు అతుకుతారు. అతకడంలో కుళ్ళాయమ్మ చేతికి పెద్ద పేరు. పక్కిళ్ళవాళ్ళు సైతం బతిమాలి పిలుచుకుపోయేవారు.

కుళ్ళాయమ్మ మగ్గం ముందు కూర్చుంది. ఒక చేత్తో పాత కొసను పట్టుకుంది. రెండో చెయ్యి గాలిలో వెతికింది.

“ఏమ్మే, నిద్రొస్తాండాదా?”

“దారం అగపడ్డంల్యా.”

“కండ్లు కడుక్కోని రా పో. ఈడ చూడు, పొగన్న మాటే ల్యా! ఇంత తేటగా ఏ ఇంట్లో ఉండాది?”

ఆమె కడుక్కుని వచ్చింది. తడిమి తడిమి కొన్ని అతికింది. ముత్యాలప్ప వంగి చూస్తే ఎర్ర దారాల వరసలో ఆకుపచ్చ దారాలు దూరి ఉన్నాయి. లబోదిబోమని తనే కూర్చున్నాడు. నేసే వేళ్ళకు అతికే పని ఏం తెలుసు? పట్టినవన్నీ పుటుక్కుమని తెగాయి. పక్కింటికి పరుగెత్తి గంగాధర పెళ్ళాం పుట్టమ్మను రమ్మన్నాడు. ఆమె ఎర్రబడ్డ కండ్లతో బయటికొచ్చింది.

“నాకూ కండ్లు మంటలన్నా, దారం రెండు రెండుగా అగపడ్తాది. మీ మాదిరే మేమూ గొట్టం వంటింట్లోకి తిప్పుకుంటిమి కదా.”

ఆ పక్కింట్లోనూ అంతే, దాని పక్కింట్లోనూ అంతే. ఆ వీధికి ముత్యాలప్ప ఎంత సేవ చేశాడో ఇంటింటికీ పోయి తనే స్వయంగా చూసుకుని వచ్చాడు.

చంద్రప్ప వచ్చి, ఎక్కని పడుగును చూసి, “ముహూర్తం నీ కోసం ఆగుతాదా అప్పా?” అని పట్టంతా మూటగట్టించుకుని వేరే వీధికి తీసుకుపోయాడు. మగ్గం మూగబోయింది. ముత్యాలప్ప భార్య ఎదురుగా చతికిలబడ్డాడు.

“ఎన్నాళ్ళనుంచి ఇట్ల ఉండాది నీకు?”

“ముందునుంచే మసక మసక. గొట్టం తిప్పినాక ఎక్కువాయ.”

“చెప్పల్ల కదమ్మే!”

“దగ్గు అని చెప్తే కఫం తెగుతాదంటివి. కండ్లని చెప్తే ఇంకేమంటావో అని చెప్పలే.”

పాఠకులారా, పొగ లేకుండానే ముత్యాలప్ప కండ్లలో నీళ్ళు తిరిగాయి! పెళ్ళైనప్పటినుంచీ ఇదే మొదటిసారి.

మనకు రిపేర్లంటే బద్ధకమని లోకం ఆడిపోసుకుంటుంది. శుద్ధ అబద్ధం! సైకిలు పంచరైతే అన్నం మానుకుని వేయించుకుంటాం. రేడియో గరగరమంటే వార్తలవేళకు బాగై ఇంట్లో ఉండాలి. మగ్గంలో ఒక పుల్ల విరిగితే మధ్యాహ్నానికల్లా కొత్త పుల్ల వస్తుంది. ఇంటి ఆడమనిషి ఒక్కతే పడే బాధను మాత్రం అలవాటు అంటాం. అలవాటుకు రిపేరు ఏముంటుంది? అదృష్టం కొద్దీ, కుళ్ళాయమ్మ కండ్లు కూడా మగ్గంలో ఒక సామానేనని ముత్యాలప్పకు ఆ రోజు తెలిసింది. ఇంకేం, మర్నాడు పొద్దున్నే గడ్డపార తీసుకుని మిద్దెక్కాడు!

తన చేతులతోనే బొక్క కొట్టాడు. బుడన్‌సాబ్ గొట్టాన్ని నిటారుగా నిలబెట్టి, వాన కారకుండా చుట్టూ సిమెంటు పూసి, పైన రేకు టోపీ పెట్టాడు. ముత్యాలప్ప తనే బాయిలర్ వెలిగించాడు, తనే ఊదాడు. ఇంట్లో చారెడు పొగ లేదు. పరుగున వంటింట్లోకి పోయి కుళ్ళాయమ్మ చెయ్యి పట్టుకుని వీధిలోకి తీసుకొచ్చాడు.

“చూడమ్మే, చూడు! ఎట్ల పోతాండాదో చూడు పొగ, నిటారుగా ఆకాశంలోకి!”

కుళ్ళాయమ్మ తలెత్తి చాలాసేపు చూసింది.

“యాడ?” అనింది.