ఎలుక తప్పించుకుంది, అక్క దొరికింది

పాఠకులారా, ఈ లోకంలో పుడితే లేబొరేటరీ ఎలుకగానే పుట్టాలి! నవ్వకండి. మనిషిగా పుట్టి మనం బావుకున్నదేముంది?

ఒకప్పుడు షాంపూల్లో కలిపే రసాయనాల్ని ముందు ఎలుక చెవికి పూసి చూసేవారు, చర్మానికి ఎలర్జీ వస్తుందేమోనని. ఇప్పుడా పాపిష్టి పనితో అవసరం లేదు. గాజు గొట్టాల్లోనూ, పళ్లేల్లో పెంచిన కణాల మీదా పరీక్ష అయిపోతుంది. ఒక షాంపూ కంపెనీ ల్యాబ్‌లో నా మేనకోడలి, అంటే మా అక్క కూతురి, ఉద్యోగం అదే. రసాయనం ప్రొటీన్‌కి అతుక్కుంటుందా అని ఒక పరీక్ష. చర్మకణాలు బెదురుతున్నాయా అని రెండోది. ఒంటికి కాపలా కాసే కణాలు ఉలిక్కిపడుతున్నాయా అని మూడోది. మూడింట్లో రెండు ఏ మాట చెబితే అదే తీర్పు. పెద్దమనుషుల పంచాయితీ కూడా ఇంత శుభ్రంగా తేలదు!

కంపెనీ తన సీసాల మీద ముద్దొచ్చే ఎలుక బొమ్మ వేయించింది. ఏ ప్రాణినీ హింసించబోమని దాని కింద రాయించింది. ఈ ముక్క సభల్లో చెప్పేటప్పుడు మేనేజరుగారికి కళ్లు చెమర్చేవట. ఎంత దయ! ఎంత ఆధునికత!

అంతటి దయామయుడి టేబుల్ మీద మా మేనకోడలు కొత్త షాంపూ రిపోర్టు పెట్టింది. షాంపూ పాడవకుండా కలిపే మందుకి ఎలర్జీ గుణం ఉందని మొదటి పరీక్ష చెప్పింది. రెండోదీ అదే చెప్పింది. మూడోది మాత్రం లేదంది. తీర్పు తేలిపోయినట్టేగా? మీరూ నాలాగే అమాయకులు. గాజు పళ్లెంలో ఉన్న కణానికి దురద సంగతి ఏం తెలుస్తుందని మేనేజరుగారికి అనుమానం వచ్చింది. సభలో సైన్సు, గదిలో సందేహం! తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని ఆ మూడో పరీక్షనే పట్టుకు కూర్చుని, మరింత సమాచారం అవసరమని రాసి, సరుకు బజారుకి వదిలేశారు.

సమాచారం ఎవరో ఒకరు ఇవ్వాలి కదా? ఎలుకను ముట్టుకోకూడదాయె. ఆ గౌరవం మా అక్కకు దక్కింది.

అక్కది బ్యూటీ పార్లర్. ఇరవయ్యేళ్లుగా రోజుకి పది తలలు రుద్దుతున్న చేతులు. ఆ షాంపూనే కంపెనీ ఇంకో పేరుతో పెద్ద డబ్బాల్లో నింపి పార్లర్లకు అమ్మింది. తల్లి వాడుతున్నది అదేనని కూతురికి తెలియలేదు. రెండు నెలలు తిరిగేసరికి అక్క వేళ్ల సందుల్లో నీటిపొక్కులు లేచాయి. తర్వాత చర్మం పగిలింది. కత్తెర పట్టుకుంటే నెత్తురు. ఈ ఎలర్జీ ఒకసారి వచ్చిందంటే ఇక పోదని, ఈ పని మానుకోవడం మంచిదని డాక్టరు చెప్పాడు.

"చేతుల్లోనే కదరా నా బతుకున్నది" అంది అక్క నాతో. నాకు ఒళ్లు మండిపోయింది, అంతే.

తల్లి బదులు ఆదివారాలు పార్లర్లో తలలు రుద్దిన మా అమ్మాయికీ అవే పొక్కులు వచ్చాయి. అప్పుడు గానీ డబ్బా మీది సన్నక్షరాలు చదవలేదు. తాను పరీక్షించిన మందు పేరే అందులో కనబడింది. మర్నాడే మేనేజరుగారి గదిలోకి వెళ్లి, తమరు అడిగిన సమాచారం వచ్చిందని, అది తన తల్లి చేతులేనని చెప్పింది.

ఆయన ఎంతో నొచ్చుకున్నారు. ఒక్కరితో ఏదీ రుజువు కాదనీ, రెండు ఉండాలన్నది వాళ్ల ల్యాబ్ రూలేననీ గుర్తుచేశారు. మా అమ్మాయి గ్లవ్ తీసి, తన చెయ్యి టేబుల్ మీద పెట్టింది.

ఆయన వంగి ఆ పొక్కులు చూశారు. "ఇద్దరూ ఒకింటివాళ్లే కదమ్మా. బయటివాళ్లు ఒక్కరుంటే బావుండేది."

"మీరున్నారుగా సార్" అని ఆమె టేబుల్ మీదున్న ఆ షాంపూ సీసా మూత తీసింది. "చెయ్యి పట్టండి."

మేనేజరుగారు రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నారు. ఆ రిపోర్టు ఆయనకు మొదటిరోజే అర్థమైందని అప్పుడు తేలింది.